రద్దు చేసిన ఒప్పందాలు కూడా అప్పులే: శ్రీలంక ఫైలు, 2019–2024

2022 జనవరి 18న శ్రీలంక 50 కోట్ల డాలర్ల అంతర్జాతీయ బాండుకి గడువు రోజునే డబ్బు కట్టేసింది. ఆ రోజు మా డెస్క్ నుంచి వెళ్ళిన రెండు లైన్ల నోట్ నేను రాసిందే: "చెల్లింపు పూర్తయింది. జూలై దాకా ఢోకా లేదు." సరిగ్గా 84 రోజులకి, ఏప్రిల్ 12న, విదేశీ అప్పుల చెల్లింపులు ఆపేస్తున్నామని కొలంబో ప్రకటించింది. 1948లో స్వాతంత్ర్యం వచ్చాక ఆ దేశం విదేశీ బాకీ కట్టలేనని చేతులెత్తేయడం అదే మొదటిసారి.

ఏ దేశానికి అప్పు తీర్చే స్తోమత ఎంతుందో అంచనా కట్టి, ఆ దేశానికి సరుకు అమ్మేవాళ్ళకీ అప్పిచ్చేవాళ్ళకీ చెప్పడం నా ఉద్యోగం. కొత్తగా చేరినవాళ్ళకి నేను మొదట చూపించే ఫైలు ఇదే. ఇందులో నా తప్పులు రెండున్నాయి. ఒకటి లెక్కలో జరిగింది, వారంలో దొరికిపోయింది. రెండోది అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది.

ముందు లెక్క తప్పు. 2021 నవంబరు చివర 160 కోట్ల డాలర్ల దగ్గరున్న విదేశీ మారక నిల్వలు డిసెంబరు చివరికి 310 కోట్లకి పెరిగాయి. నెలలో దాదాపు రెట్టింపు. నా ఎక్సెల్ షీటులో ఆ అంకెని నిల్వల గడిలో పెట్టి, జూలై 25న గడువు తీరే 100 కోట్ల డాలర్ల బాండు పక్కన చూసుకుని, ఫరవాలేదనుకున్నాను. కానీ ఆ పెరుగుదలకి కారణం చైనా కేంద్ర బ్యాంకుతో కుదిరిన 1,000 కోట్ల యువాన్ల స్వాప్. మన భాషలో చేబదులు. అదీ షరతుల చేబదులు: మూడు నెలల దిగుమతులకి సరిపడా నిల్వలుంటేనే ఆ యువాన్లు వాడుకోవచ్చు. అంటే డబ్బు ఉన్నప్పుడు తీసుకోవచ్చు, లేనప్పుడు ముట్టుకోకూడదు. ఇంట్లో అద్దాల బీరువాలో పెట్టి తాళం పక్కింటివాళ్ళ దగ్గరుంచినట్టు. ఆ సొమ్ము తీసేస్తే మిగిలింది 160 కోట్లే, అందులోంచే జనవరి బాండుకి 50 కోట్లు పోయాయి. మే నెలలో ఆర్థిక మంత్రి అలీ సబ్రీ పార్లమెంటులో చెప్పిన మాట ప్రకారం వాడుకోగలిగిన నిల్వలు 5 కోట్ల డాలర్లు కూడా లేవు.

ఈ తప్పు దిద్దుకోవడం తేలిక. షీటులో ఒక వరస పెంచి, "చూపించేవి", "వాడగలిగేవి" అని విడగొట్టాను. రెండో తప్పు సంగతికి రావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

పన్నులు తగ్గించి మొదలుపెట్టారు

2019 నవంబరులో గొటబయ రాజపక్స అధ్యక్షుడయ్యారు. డిసెంబరు నుంచే వ్యాట్‌ని 15 శాతం నుంచి 8 శాతానికి దించారు. వ్యాట్ రిజిస్ట్రేషన్ అవసరమయ్యే వార్షిక టర్నోవర్ పరిమితిని 1.2 కోట్ల లంక రూపాయల నుంచి 30 కోట్లకి పెంచారు. నా దృష్టిలో రేటు తగ్గించడం కంటే ఈ రెండోది ఎక్కువ నష్టం చేసింది. రేటుని మళ్ళీ ఒక గెజెట్‌తో పెంచుకోవచ్చు. రిజిస్టర్లోంచి వెళ్ళిపోయిన వ్యాపారిని తిరిగి లోపలికి తేవడం పన్ను శాఖలో పనిచేసినవాళ్ళకి తెలుసు, ఏళ్ళ తరబడి పని. జీడీపీలో 11 శాతం పైన ఉన్న పన్ను రాబడి ఏడాదిలో 8 శాతం చుట్టుపక్కలకి పడింది. అందులో కోవిడ్ వాటా ఉంది, కానీ కోవిడ్ ప్రతి దేశానికీ వచ్చింది.

2021కి ప్రభుత్వానికి వచ్చే ప్రతి 100 రూపాయల్లో 70 పైచిలుకు వడ్డీలకే పోతోంది. మిగిలినదాంట్లోంచి జీతాలు, పెన్షన్లు కూడా రావు, వాటికీ అప్పే. రేటింగ్ సంస్థలు 2020లోనే గ్రేడ్ కోసేశాయి. అంటే బాండ్ మార్కెట్ తలుపు మూసుకుంది. 2007లో మొదటిసారి 50 కోట్ల డాలర్లతో మొదలుపెట్టి, పాత బాండుకి కొత్త బాండు అమ్మి తీర్చుకుంటూ వచ్చిన దేశానికి ఆ దారి ఆగిపోయింది.

ఈ కేసులో మలుపు ఇదే. మార్కెట్ మూసుకుంటే ఇక డాలర్లు ఇచ్చేది ప్రభుత్వాలే: బీజింగ్, ఢిల్లీ, టోక్యో. ఆ రోజు నుంచి విదేశాంగ శాఖ చేసే ప్రతి పనీ ఖజానా పద్దే అవుతుంది. సరిగ్గా అప్పుడే కొలంబో ఏం చేసిందో చూడండి.

2020 సెప్టెంబరులో జపాన్ రుణంతో కట్టాల్సిన కొలంబో లైట్ రైలు ప్రాజెక్టుని రద్దు చేశారు. ఖర్చు ఎక్కువ అన్నారు. అది జపాన్ ఇచ్చే సుదీర్ఘ కాలపు, నామమాత్రపు వడ్డీ అప్పు. ఆ దేశం అప్పటికి బయట కడుతున్న బాండు వడ్డీలతో పోలిస్తే దాదాపు ఉచితం. 2021 ఫిబ్రవరిలో కొలంబో రేవులోని తూర్పు కంటైనర్ టెర్మినల్ మీద భారత్, జపాన్‌లతో 2019 మేలో కుదిరిన త్రైపాక్షిక ఒప్పందాన్ని పక్కనబెట్టారు. రేవు కార్మిక సంఘాల ఆందోళనకి ప్రభుత్వం తలొగ్గింది. ఢిల్లీకి ఊరటగా తర్వాత పశ్చిమ టెర్మినల్‌ని ఓ భారతీయ ప్రైవేటు కంపెనీకి ఇచ్చారు. టోక్యోకి అలాంటి ఊరట కూడా దక్కలేదు.

ఈ రెండు వార్తలూ అప్పుడే చదివాను. ఫైల్లో పెట్టలేదు. రాజకీయం వేరేవాళ్ళు చూస్తారు, మన పని అంకెలు అనుకున్నాను. అదే నా రెండో తప్పు.

ఇక చైనాతో సంబంధమైనా సాఫీగా ఉందా అంటే, అదీ లేదు. 2021 ఏప్రిల్‌లో రసాయన ఎరువుల దిగుమతి నిషేధించి, చైనా నుంచి సేంద్రియ ఎరువు తెప్పించబోయారు. నమూనాల్లో హానికర బ్యాక్టీరియా ఉందని లంక అధికారులు ఓడని దించుకోనివ్వలేదు. కోర్టు ఉత్తర్వుతో ఎల్‌సీ (సరుకు పత్రాలు చూపిస్తే డబ్బు కడతానని కొనేవాడి బ్యాంకు రాసిచ్చే హామీ) చెల్లింపు ఆగింది. ఎల్‌సీ తెరిచిన ప్రభుత్వ రంగ బ్యాంకుని అక్టోబరులో కొలంబోలోని చైనా రాయబార కార్యాలయం బహిరంగంగా బ్లాక్‌లిస్టులో పెట్టింది. చివరికి దించుకోని సరుకుకి 67 లక్షల డాలర్లు కట్టి ఆ తగవు తెంచుకున్నారు. బాకీల ముందు 67 లక్షలు ఏ మూలకి? కానీ ఎల్‌సీల మీద బతికే మా రంగంలో ఒక రాయబార కార్యాలయం ఒక ప్రభుత్వ బ్యాంకు పేరు పెట్టి బ్లాక్‌లిస్ట్ చేయడం మామూలు సంగతి కాదు. ఆ వారం మా ఎగుమతిదారులు ముగ్గురు ఫోన్ చేసి అడిగింది రేటింగ్ గురించి కాదు, "లంక ఎల్‌సీ తీసుకోవచ్చా?" అని. వాళ్ళకి నా షీటు కంటే ముందే తెలిసిందన్నమాట.

ఒక్క నెల

2022 జనవరిని రోజువారీగా చదవండి. మొత్తం కేసు అందులోనే ఉంది.

3న అప్పటి ఆర్థిక మంత్రి బసిల్ రాజపక్స 22,900 కోట్ల లంక రూపాయల ఉపశమన ప్యాకేజీ ప్రకటించారు. దాదాపు 15 లక్షల మంది ప్రభుత్వ ఉద్యోగులకి నెలకి 5,000 రూపాయల భత్యం అందులో ముఖ్యం. కొత్త రాబడి లేదు. అంటే నోట్లు అచ్చువేయడమే. 6న ట్రింకోమలీ చమురు ట్యాంకుల ఒప్పందం మీద సంతకాలయ్యాయి. బ్రిటిషువాళ్ళు కట్టిన 99 ట్యాంకులు, ఢిల్లీ దశాబ్దాలుగా అడుగుతున్నవి. 14 ట్యాంకులు ఇండియన్ ఆయిల్ లంక సంస్థ దగ్గరే ఉంచి, 61 ఉమ్మడి కంపెనీకి, 24 లంక పెట్రోలియం సంస్థకి పంచారు. 9న చైనా విదేశాంగ మంత్రి వాంగ్ యీ కొలంబో వచ్చారు. అప్పుల వాయిదాలు సర్దుబాటు చేయమని గొటబయ ఆయన్నే అడిగారు. 13న భారత్ 40 కోట్ల డాలర్ల స్వాప్ ఇచ్చింది. 18న 50 కోట్ల బాండు కట్టేశారు.

40 కోట్లు వచ్చిన అయిదో రోజున 50 కోట్లు పోయాయి. ఢిల్లీ ఇచ్చిన చేబదులు న్యూయార్క్ చట్టం కింద రాసిన బాండుదారుల చేతికి వెళ్ళింది. డబ్బుకి పేరు ఉండదు కాబట్టి అదే 40 కోట్లు ఇవే 50 కోట్లని నేను నిరూపించలేను. కానీ ఆ జనవరిలో కట్టకుండా, అప్పుడే ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) దగ్గరికి వెళ్ళి, అందరు రుణదాతల్నీ ఒకేసారి పిలిచి ఉంటే? మార్చి చివర 13 గంటల కరెంటు కోతలు, కాగితం లేక బడి పరీక్షలు వాయిదా వేయడం కొంతైనా తప్పేవని నా అభిప్రాయం. కట్టడం పరువు అనుకున్నారు. నా నోట్ కూడా ఆ పరువుకే మార్కులు వేసింది.

ఈ కేసులో నాకు అన్నిటికంటే గుర్తుండిపోయిన అంకె మాత్రం డాలర్లలో లేదు. డాలర్లు మిగల్చడానికి 2021 డిసెంబరు 31తో అబూజా, ఫ్రాంక్‌ఫర్ట్, నికోసియాల్లోని దౌత్య కార్యాలయాలు మూసేశారు. 2022 ఏప్రిల్ చివర ఓస్లో, బాగ్దాద్, సిడ్నీలవి. మొత్తం ఆరు. అంతర్యుద్ధంలో మధ్యవర్తిగా నిలిచిన నార్వేలో ఉన్న రాయబార కార్యాలయం కూడా అందులో ఉంది. ఏప్రిల్ 12న అప్పు ఆపేశామని ప్రకటించినవాళ్ళు, ఇక రాబోయే రెండేళ్ళూ దేశదేశాల ముందు కూర్చుని బతిమాలాల్సినవాళ్ళు, ఆ నెలాఖరుకే రాయబారుల్ని వెనక్కి పిలిచారు. అద్దె, జీతాల కింద మిగిలింది బాకీలో సున్నాకి పక్కన.

ఎవరు ముందు రాసిస్తారు

చెల్లింపులు ఆగాక ఏం జరగాలో పుస్తకంలో స్పష్టంగా ఉంటుంది. ఐఎంఎఫ్ సిబ్బందితో ఒప్పందం, రుణదాత దేశాల నుంచి ఫైనాన్సింగ్ హామీలు (అప్పు భారం సర్దుతామన్న మాట), ఆ తర్వాత ఐఎంఎఫ్ బోర్డు ఆమోదం. సిబ్బంది స్థాయి ఒప్పందం 2022 సెప్టెంబరు 1కే వచ్చింది: నాలుగేళ్ళలో 290 కోట్ల డాలర్లు. బోర్డు ఆమోదం 2023 మార్చి 20కి గానీ రాలేదు. మధ్యలో ఆరు నెలల పందొమ్మిది రోజులు. ద్రవ్యోల్బణం సెప్టెంబరులో 70 శాతం అంచు తాకిన దేశంలో ఆ ఆరు నెలలు ఎందుకు పట్టాయి?

లెక్క తేలకపోవడం కారణం కాదు. లక్ష్యాలు ముందే ఖాయమయ్యాయి: 2032కల్లా అప్పు జీడీపీలో 95 శాతం లోపుకి రావాలి, 2027–32 మధ్య స్థూల ఫైనాన్సింగ్ అవసరాలు (లోటు పూడ్చడానికీ పాత అప్పులు తీర్చడానికీ కావలసిన మొత్తం) ఏటా సగటున జీడీపీలో 13 శాతం లోపు ఉండాలి, విదేశీ అప్పు చెల్లింపులు ఏ ఏడాదీ 4.5 శాతం దాటకూడదు. ఆగింది ఎవరు ముందు ఒప్పుకోవాలన్న దగ్గర. నేను వదులుకుంటే ఆ మిగిలిన డబ్బు అవతలివాడికి వెళ్తుందేమోనని ప్రతి రుణదాతకీ భయం. పారిస్ క్లబ్ దేశాలకి (పాత రుణదాత దేశాల కూటమి) చైనా మీద, చైనాకి బాండుదారుల మీద, అందరికీ అందరి మీద.

2023 జనవరి 16న భారత్ అందరికంటే ముందు ఐఎంఎఫ్‌కి హామీ లేఖ పంపింది. నాలుగు రోజుల్లో విదేశాంగ మంత్రి జైశంకర్ కొలంబోలో నిలబడి, మిగతావాళ్ళ కోసం ఆగకూడదని నిర్ణయించుకున్నామని చెప్పారు. అదే వారంలో చైనా ఎగ్జిమ్ బ్యాంకు (విదేశాలకి అప్పులిచ్చే చైనా ప్రభుత్వ బ్యాంకు) ఇచ్చిన లేఖ రెండేళ్ళ వాయిదా వరకే ఇస్తానంది. వాయిదా వేరు, తగ్గింపు వేరు. ఐఎంఎఫ్‌కి కావలసింది తన లక్ష్యాలకి తగ్గట్టు అప్పు సర్దుతానన్న మాట. పారిస్ క్లబ్ ఫిబ్రవరిలో ఇచ్చింది. చైనా ఎగ్జిమ్ నుంచి సరిపోయే లేఖ మార్చి 6న వచ్చింది. రెండు వారాల్లో బోర్డు సంతకం పడింది. ఒక లేఖలో ఒక వాక్యం మారడానికి ఏడు వారాలు.

ఇక్కడికి వచ్చాకే నా రెండో తప్పు నాకు అర్థమైంది. 2023 ఏప్రిల్ 13న వాషింగ్టన్‌లో అధికారిక రుణదాతల ఉమ్మడి వేదిక ప్రకటించారు. సహాధ్యక్షులు: జపాన్, భారత్, ఫ్రాన్స్. మూడింట్లో రెండు, కొలంబో టెర్మినల్ ఒప్పందం కోల్పోయిన దేశాలు. అందులో జపాన్ లైట్ రైలు కూడా పోగొట్టుకుంది, చైనా తర్వాత అతిపెద్ద రుణదాత దేశం కూడా అదే. రెండేళ్ళ కిందట ఒక కేబినెట్ నోట్‌తో పక్కకి నెట్టినవాళ్ళు ఇప్పుడు బల్లకి అవతల పెద్ద కుర్చీలో ఉన్నారు. చైనా ఆ బల్ల దగ్గరికి రాలేదు. పరిశీలకుడిగా ఉండి, తన బేరం తను విడిగా ఆడుకుంది. కాబట్టి లంక రెండు గదుల్లో ఒకే కథ చెప్పాల్సి వచ్చింది, రెండో గదిలో ఎక్కువ ఇస్తున్నామన్న అనుమానం మొదటి గదిలో రాకుండా.

చైనా అప్పుతో కట్టిన హంబన్‌తోట రేవు మాట ఎవరో ఒకరు ఎత్తుతారు కాబట్టి ఒక్క ముక్క. 2017లో ఆ రేవుని 99 ఏళ్ళ లీజుకిచ్చి 112 కోట్ల డాలర్లు తీసుకున్నారు. అది అప్పు కింద జమ కాలేదు. డబ్బు నిల్వల్లోకి వెళ్ళింది, రేవు కట్టిన చైనా అప్పులు ఖాతాలో అలాగే ఉన్నాయి. "అప్పు తీర్చలేక రేవు అప్పగించారు" అనేవాళ్ళకి నేను ఖాతా పేజీ చూపిస్తాను. అసలు ఉరి బిగించింది అంతర్జాతీయ బాండ్లు. గడువు దగ్గర, వడ్డీ ఎక్కువ, ఎవరితో మాట్లాడాలో తెలియని వేలమంది.

100కి 75

2023 అక్టోబరులో చైనా ఎగ్జిమ్‌తో, నవంబరు 29న ఆ అధికారిక రుణదాతల కమిటీతో సూత్రప్రాయ అంగీకారాలు. 2024 జూన్ 26న రెండిటి మీదా తుది సంతకాలు: కమిటీ వైపు 580 కోట్లు, చైనా ఎగ్జిమ్ 420 కోట్ల డాలర్లు. ఎవరూ అసల్లో పైసా తగ్గించలేదు. 2028 దాకా అసలు కట్టక్కర్లేదు, 2043 దాకా వాయిదాలు, వడ్డీ రెండు శాతం చుట్టూ.

"అసలు తగ్గలేదుగా, ఇంక రాయితీ ఏముంది?" అని ప్రతి బ్యాచ్‌లో ఒకరు అడుగుతారు. బోర్డు మీద వేసి చూపిస్తాను. 100 డాలర్ల అప్పు. 2025 నుంచి ఏటా 2 శాతం వడ్డీ. 2028 నుంచి 2043 దాకా పదహారు సమాన వాయిదాల్లో అసలు. దీన్ని ఐఎంఎఫ్ వాడే 5 శాతం డిస్కౌంటుతో, అంటే రేపు వచ్చే డబ్బు విలువని ఏడాదికి అంత చొప్పున తగ్గించి, 2024కి తెస్తే వచ్చేది సుమారు 75. కాగితం మీద 100 అలాగే ఉంటుంది, చేతిలో విలువ పాతిక తగ్గుతుంది. టోక్యోలోనూ ఢిల్లీలోనూ బీజింగ్‌లోనూ ఏ మంత్రీ తన పార్లమెంటు ముందు "మాఫీ చేశాం" అనక్కర్లేదు. రద్దు అనే మాట రాకుండా రద్దు చేయడం ఇందులో ఉన్న చాకచక్యం. ఇది నా ఉదాహరణ లెక్కే, అసలు ఒప్పందాల్లోని వాయిదాల పట్టికలు వేరు. అయినా దిశ అదే.

బాండుదారులు అలా కాదు, వాళ్ళకి ఓటర్లు లేరు. ముఖ విలువలో 27 శాతం వదులుకున్నారు, బదులుగా 2025–27లో లంక జీడీపీ డాలర్లలో అనుకున్నదానికంటే పెరిగితే తమకి ఎక్కువ రావాలని షరతు పెట్టారు. ఈ షరతు గురించే 2024 ఏప్రిల్‌లో చర్చలు విరిగాయి, జూలైలో అతుక్కున్నాయి. సెప్టెంబరు 19న, అధ్యక్ష ఎన్నికకి రెండు రోజుల ముందు, తుది రూపం ప్రకటించారు. ఎన్నికల్లో ఈ ఒప్పందాన్ని విమర్శించిన అనుర కుమార దిసనాయకే గెలిచి, దాన్ని అలాగే కొనసాగించారు. డిసెంబరులో సుమారు 1,255 కోట్ల డాలర్ల బాండ్ల మార్పిడి ముగిసింది.

ఒక్క సిరీస్ తప్ప. 2022 జూలై 25న గడువు తీరిన ఆ 100 కోట్ల డాలర్ల బాండు, నా పాత నోట్‌లో "జూలై దాకా" అని రాసింది దీని గురించే. అందులో పాతిక శాతం పైన ఒకే బ్యాంకు చేతిలో ఉండేది. మిగతా బాండ్లన్నిటినీ కలిపి ఓటేసే కొత్త తరహా నిబంధన ఈ పాత సిరీస్‌లో లేదు, విడిగా 75 శాతం ఒప్పుకోవాలి. పాతిక శాతం చేతిలో ఉన్నవాడు ఒప్పుకోకపోతే అంతే. ఆ బ్యాంకు 2022 జూన్‌లోనే న్యూయార్క్ కోర్టుకెక్కింది. 2023లో ఆ కేసుని కొన్నాళ్ళు ఆపమని బ్రిటన్, ఫ్రాన్స్ ప్రభుత్వాలు అమెరికా జడ్జికి రాతపూర్వకంగా విన్నవించుకున్నాయి, జడ్జి ఆపారు. ఒక ప్రైవేటు బాకీ దావాలో లంక కోసం రెండు దేశాలు కోర్టు మెట్లెక్కాయి.

2024 జూలైలో, అధికారిక ఒప్పందం అయిన నెలకి, జపాన్ ఆగిపోయిన పాత ప్రాజెక్టులకి డబ్బు విడుదల మళ్ళీ మొదలుపెట్టింది. కటునాయకే విమానాశ్రయం విస్తరణ అందులో ఉంది. నేను ఆ జాబితాలో లైట్ రైలు కోసం వెతికాను. లేదు. ఇప్పుడు నా షీటులో నిల్వల వరస కింద ఇంకో వరస ఉంది. ఏ దేశంతో ఏ ఒప్పందం ఎప్పుడు రద్దయింది, ఆ దేశానికి ఎంత బాకీ ఉంది. శ్రీలంక పేజీలో ఆ వరసలో మొదటి తేదీ 2020 సెప్టెంబరు. దాని ఎదుట మొత్తం గడిలో ఏం రాయాలో తేలక ఖాళీగా వదిలేశాను.